మళ్ళీ పేర్చే చేతులు

(రేడియో ప్రసంగము)

ధ్యాన భాగములు: లేవీయకాండము 24:5–9, నెహెమ్యా 4వ అధ్యాయము

వంట చేసుకుంటూ వింటున్న తల్లులకు, పొలం గట్టున కూర్చుని వింటున్న సహోదరులకు, మంచం మీద ఉండి మనుమల చేత రేడియో పెట్టించుకుని వింటున్న పెద్దలకు, అందరికీ వందనములు.

ఈ దినము మన ధ్యానం కొరకు లేవీయకాండము 24వ అధ్యాయం 5 నుండి 9 వరకు ఉన్న వచనాలు తీసుకున్నాను. బైబిలు దగ్గర ఉన్నవారు తెరచి పెట్టుకోండి. అయితే వాక్యంలోకి వెళ్ళే ముందు మిమ్మల్ని ఒకసారి అంగడికి తీసుకువెళ్తాను. కోస్తా వైపు వారు సంత అంటారు. మా వైపు అంగడి అంటాము.

మాది నల్లగొండ జిల్లాలో నిడమనూరు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ప్రాంతం. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన తరువాత మా వైపు బ్రతుకు మారింది. కాలువ కింద వరి పెరిగింది. మిర్యాలగూడ చుట్టూ బియ్యం మిల్లులు వెలిశాయి. మా జిల్లా బత్తాయిలు దూర ప్రాంతాలకు లారీల్లో పోతాయి. అయితే అందరికీ కాలువ కింద పొలం ఉండదు కదా! మాకు లేదు. మా నాయన నా చిన్నతనంలోనే చనిపోయాడు. మా అమ్మ ఒక బావి కింద ఇరవై గుంటలు కౌలుకు తీసుకుని కూరగాయలు పెట్టేది. వాటిని చుట్టుపక్కల అంగళ్ళకు తీసుకుపోయి అమ్మేది. ఆ డబ్బుతోనే నన్ను చదివించింది.

తెల్లవారుజామునే గంపతో వచ్చి, యూరియా సంచులు విప్పి కుట్టిన పట్టా పరిచేది. పట్టా పరిచిన తరువాత తొందరపడేది కాదు. ముందు వరుసలో టమాటలు. ఒక్కొక్కదాన్ని కొంగుతో తుడిచి, అడుగున తొమ్మిది, వాటి మీద నాలుగు, ఆ పైన ఒకటి పెట్టేది. అలా నాలుగైదు కుప్పలు. పక్కన పచ్చిమిరపకాయలు, తొడిమలన్నీ ఒకే వైపుకు. ఆ తరువాత నల్లగా నిగనిగలాడే వంకాయలు గుండ్రంగా. బీరకాయలు, బెండకాయలు వరుసలుగా. పుంటికూర, తోటకూర, కొత్తిమీర కట్టల మీద నీళ్ళు చిలకరించేది. పొద్దు పైకి వచ్చి ఎండ ఆ వరుసల మీద పడేసరికి, ఎర్రన, పచ్చన, నల్లన, చిలకపచ్చన, ఆ పట్టా ఒక కొత్త చీర విప్పి పరచినట్టు ఉండేది.

మా అమ్మ ఒక్కతే కాదు. ఆ వరుసలో కూర్చున్న ప్రతి తల్లీ అలాగే పేర్చేది. ఒకామె పసుపు కొమ్ములు, ఒకామె ఎండు మిరపకాయలు, ఒక పెద్దాయన బత్తాయిలు, ఆ చివర కుమ్మరి కుండలు. వారిలో చదువుకున్నవారు చాలా తక్కువ. ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే కంటికి ఇంపుగా ఉంటుందో వారికి ఎవరూ నేర్పలేదు. అయినా వారి చేతులకు తెలుసు.

ఒకరోజు నేను మా అమ్మను అడిగాను: “ఎందుకే అంత కష్టపడి పేరుస్తవు? కొనేటోళ్ళు వచ్చి పై పండే తీస్తరు. కుప్ప కూలిపోతది. మళ్ళ పేరుస్తవు. మళ్ళ కూలుతది. సాయంత్రానికి ఏముంటది?”

ఆమె పని ఆపకుండానే చెప్పింది: “ఎట్లబడితె అట్ల పోస్తె పశువులకు పోసినట్టుంటది బిడ్డా. మనిషికి పెట్టేటప్పుడు పేర్చి పెట్టాలె.”

ప్రియులారా, ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. వేదాంత పాఠశాలలో చదివేటప్పుడు లేవీయకాండము 24వ అధ్యాయం దగ్గరికి వచ్చినప్పుడు అర్థమైంది. అక్కడ దేవుడు మోషేకు ఏమి ఆజ్ఞాపిస్తున్నాడో గమనించండి. మెత్తని గోధుమ పిండితో పన్నెండు రొట్టెలు చేయాలి. వాటిని మేలిమి బంగారు బల్ల మీద రెండు వరుసలుగా, వరుసకు ఆరు చొప్పున పేర్చాలి. వరుసల మీద సాంబ్రాణి ఉంచాలి. ప్రతి విశ్రాంతి దినమునా కొత్త రొట్టెలు తెచ్చి మళ్ళీ పేర్చాలి. పాతవి యాజకులు తినాలి. అంటే వారానికి ఒకసారి పేర్చడం, వారానికి ఒకసారి తీసివేయడం, మళ్ళీ పేర్చడం. మన అంగడి లాగే, వారం వారం!

ఆకాశమును భూమిని కలుగజేసిన దేవునికి రొట్టెలు వరుసగా ఉంటే ఏమి, కుప్పగా ఉంటే ఏమి అని మనం అనుకోవచ్చు. కానీ ఆయన ఆ సంగతి వివరంగా చెప్పాడు. రొట్టెకు ఎంత పిండో చెప్పాడు. వరుసకు ఎన్నో చెప్పాడు. ఎందుకంటే ఆ పన్నెండు రొట్టెలు పన్నెండు గోత్రాల పక్షంగా ఆయన సన్నిధిలో ఉంటాయి. ఇక్కడ ఇంకొక సంగతి చూడండి. సంఖ్యాకాండము మొదటి అధ్యాయంలో లెక్క ఉంది. యూదా గోత్రంలో సైన్యమునకు తగినవారు 74,600 మంది. బెన్యామీను గోత్రంలో 35,400 మంది, సగం కూడా లేరు. అయినా యూదాకు పెద్ద రొట్టె, బెన్యామీనుకు చిన్న రొట్టె అని దేవుడు చెప్పలేదు. అన్నిటికీ ఒకే కొలత పిండి. అన్నీ ఒకే బల్ల మీద, వరుసగా.

మొదటి పాఠం ఇదే. పేర్చడమంటే గౌరవించడం. ప్రేమ ఉన్నచోట వస్తువును విసిరివేయరు, వరుసగా పెడతారు. తల్లి బిడ్డకు అన్నం పెట్టేటప్పుడు చూడండి. మన ప్రభువు అయిదువేల మందికి ఆహారం పెట్టినప్పుడు ఏమి చేశాడు? ముందు వారిని పచ్చిక మీద పంక్తులుగా కూర్చుండబెట్టించాడని మార్కు సువార్త 6వ అధ్యాయంలో చదువుతాము. ఆకలితో ఉన్నవారే కదా, ఎగబడి తీసుకుంటారులే అని ఆయన అనుకోలేదు. బీదవారికి ఇచ్చేటప్పుడు విసిరి ఇచ్చే అలవాటు మనలో ఎవరికైనా ఉంటే, ఈరోజే మానుకుందాం.

రెండవ పాఠం. పైన ఉన్నదే అడుగున ఉండాలి.

అంగడికి వెళ్ళేవారందరికీ ఈ అనుభవం ఉంటుంది. పైన నిగనిగలాడే పండ్లు ఉంటాయి. ఇంటికి వచ్చి సంచి విప్పితే అడుగున మెత్తబడినవి, పుచ్చినవి ఉంటాయి. మా అమ్మ మచ్చపడిన టమాటలను కుప్పలో కలిపేది కాదు. వాటిని విడిగా, అందరికీ కనబడేటట్టు పట్టా ముందు పోసి సగం ధరకు ఇచ్చేది. “పచ్చడికి పనికొస్తయి, చూసి తీసుకో” అని తానే చెప్పేది. తూకం వేసిన తరువాత కొసరుగా ఒక పిడికెడు మిరపకాయలు వేసేది.

ఆమోసు ప్రవక్త 8వ అధ్యాయం చదవండి. దేవుడు ప్రవక్తకు మొదట వేసవికాలపు పండ్ల గంప ఒకటి చూపించాడు. చూడటానికి ఎంతో అందంగా ఉండి ఉంటుంది. కానీ వెంటనే తీర్పు మాట వచ్చింది. ఎందుకు? ఆ జనులు విశ్రాంతి దినము ఎప్పుడు అయిపోతుందా, ఎప్పుడు అంగడి తెరుద్దామా అని ఎదురుచూస్తున్నారు. కొలత తగ్గించి, వెల పెంచి, దొంగ త్రాసుతో తూచి, గోధుమల్లో చచ్చు గింజలు కలిపి బీదలకు అమ్ముతున్నారు. గంప అందంగానే ఉంది. గంప వెనక ఉన్న చేయి మంచిది కాదు. ప్రభువు కూడా శాస్త్రులను, పరిసయ్యులను సున్నము కొట్టిన సమాధులతో పోల్చాడు.

మీలో చాలామంది మెదక్ చర్చి చూసి ఉంటారు. యూరోపు దేశాల పాత దేవాలయాల పద్ధతిలో మన నేల మీద కట్టిన గొప్ప కట్టడం అది. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ 1914లో పని మొదలుపెట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు కాలంలో ఆకలితో ఉన్నవారికి ఆ కట్టడం దగ్గర పని కల్పించి అన్నం పెట్టారు. గంట గోపురం ఎత్తు 175 అడుగులు. లోపల రంగు అద్దాల కిటికీలు మూడు ఉన్నాయి. వాటిలో క్రీస్తు జననము, సిలువ మరణము, ఆరోహణము కనబడతాయి. పగటిపూట బయట నిలబడి ఆ కిటికీలను చూడండి. నల్లగా, మసిబారినట్టు ఉంటాయి. లోపలికి వెళ్ళి చూడండి. నీలము, ఎరుపు, బంగారు రంగు, పచ్చ, అన్నీ వెలుగుతూ కనబడతాయి. అవన్నీ చిన్న చిన్న గాజు ముక్కలు. సీసపు పట్టీలతో ఒకదాని పక్కన ఒకటి అమర్చారు. ఆ రంగులు బయటివారికి గొప్ప చూపించుకోవడానికి కాదు. లోపలికి వచ్చి మోకరించినవారి కోసం పెట్టినవి.

క్రిస్మస్ వస్తుందంటే మనం మందిరాలకు రంగులు వేస్తాము. నక్షత్రాలు కడతాము, రంగు కాగితాలు అతికిస్తాము. మంచిదే, చేయాలి. అయితే ఆ రంగుల లోపల ఏముంది? రెండు కుటుంబాలు సంవత్సరాల తరబడి మాట్లాడుకోకుండా చెరొక వైపు కూర్చుంటున్నాయా? సంఘపు లెక్కలు అడిగితే కోపం వస్తోందా? పై వరుసలో టమాటలు పెట్టి అడుగున ఏమి దాచాము?

ప్రియులారా, ఇక మూడవ పాఠం. ఇది చెప్పడం నాకు అంత సులువు కాదు. అయినా చెప్తాను.

నేను తొమ్మిదవ తరగతి చదువుతున్నాను. ఆ రోజు బడి నుండి నలుగురు స్నేహితులతో కలిసి అంగడి మీదుగా వస్తున్నాను. అప్పట్లో అంగట్లో కూర్చున్న ప్రతివారి దగ్గరా తైబజారు వసూలు చేసేవారు. గుత్తేదారు మనిషి వచ్చి చీటీ చింపి ఇచ్చి డబ్బు తీసుకునేవాడు. ఆ రోజు అతడు మామూలు కంటే ఎక్కువ అడిగాడు. ఇంకా బోణీ కాలేదయ్యా, కాసేపాగి తీసుకో అని మా అమ్మ బతిమిలాడుతోంది. అతడు మాట మాట పెంచి, కాలితో ఆ కుప్పలను తన్నాడు. టమాటలు దొర్లుకుంటూ బండ్ల బాటలోకి పోయాయి. కొన్ని చక్రాల కింద పడి చితికిపోయాయి. జనం చూస్తున్నారు. మా అమ్మ మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్కటీ ఏరుతోంది.

నా స్నేహితులకు ఆమె మా అమ్మ అని తెలియదు. “పాపం రా” అన్నాడు ఒకడు. నేను ఒక కొట్టం పక్కన నిలబడి చూశాను. ముందుకు ఒక అడుగు వేయలేదు. ఒక్క పండు ఏరలేదు. “పోదాం పదండిరా” అని నేనే ముందు నడిచాను.

ఊరి బయటి వరకు వెళ్ళి ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. ఆమె మళ్ళీ పట్టా దగ్గర కూర్చుంది. మిగిలిన టమాటలను కొంగుతో తుడుస్తోంది. అడుగున తొమ్మిది, వాటి మీద నాలుగు, ఆ పైన ఒకటి.

ఆ రాత్రి చితికిన టమాటలతో పచ్చడి చేసింది. నాకు వేడి అన్నంలో వేసి పెట్టింది. ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. ఆమె నన్ను చూడలేదనే అనుకున్నాను.

ఇది జరిగి ఎన్నో ఏళ్ళు. మా సంఘపు కుర్రవాడొకడు పై చదువుల కోసం పోలండ్ దేశం వెళ్ళాడు. అక్కడి నుండి నా ఫోనుకు రెండు ఫోటోలు పంపాడు. “అయ్యగారూ, వార్సా పట్టణంలో అంగడి చూడండి” అని రాశాడు. మొదటి ఫోటోలో ఎర్ర ఇటుకల పెద్ద అంగడి భవనం. హాలా మిరోవ్‌స్కా అంటారట. దాని ముందు బల్లల మీద పండ్లు, కూరగాయలు, పువ్వులు పేర్చి ఉన్నాయి. ఎర్రని చెర్రీలు, ముల్లంగి కట్టలు, గుండ్రని క్యాబేజీలు. ఆ బల్ల వెనక ఒక ముసలామె తలకు గుడ్డ కట్టుకుని ఒక పండును చేత్తో తుడుస్తోంది. ప్రియులారా, నేను ఆ ఫోటోను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. దేశం వేరు, రంగు వేరు, భాష వేరు. చేయి మాత్రం మా అమ్మ చేయే.

రెండవ ఫోటోలో ఆ పట్టణపు పాత బజారు చౌరస్తా. చుట్టూ ఒకదానికొకటి ఆనుకుని పొడుగాటి ఇళ్ళు. ఒకటి పసుపు, ఒకటి ఇటుక ఎరుపు, ఒకటి లేత పచ్చ, ఒకటి గులాబీ. గోడల మీద చెక్కడాలు, బొమ్మలు. ఇంటి నంబర్లు లేని పాత కాలంలో యూరోపు పట్టణాల్లో ఇంటి ముందున్న బొమ్మను, గుర్తును బట్టి ఫలానా ఇల్లు అని కనుక్కునేవారు. ఆ ఇళ్ళు వందల ఏళ్ళ నాటివి అనుకున్నాను. ఎంత బాగా కాపాడుకున్నారో అని ఆ కుర్రవాడికి జవాబు రాశాను. వాడు ఫోన్ చేసి చెప్పాడు: “కాదు అయ్యగారూ, ఇవన్నీ ఒకప్పుడు నేలమట్టమైపోయినవి.”

తరువాత నేను ఆ చరిత్ర చదివి తెలుసుకున్నాను. 1944 ఆగస్టు 1వ తేదీన వార్సా ప్రజలు హిట్లరు సైన్యం మీద తిరుగుబాటు చేశారు. 63 రోజులు పోరాడి ఓడిపోయారు. లక్షన్నర మందికి పైగా సామాన్య ప్రజలు చనిపోయారని అంచనా. ఆ తరువాత శత్రువులు మిగిలిన పట్టణాన్ని వీధి వీధిగా తగులబెట్టారు, పేల్చివేశారు. ఆ పాత పట్టణంలో నూటికి 85 వంతులకు పైగా నాశనమైంది. నేను చూసిన ఆ రంగుల చౌరస్తా రాళ్ళగుట్టగా మారింది. ఆ ఇటుకల అంగడి 1901లో కట్టినది. అదీ కాలిపోయింది. ఆ ఆగస్టులో దాని గోడ దగ్గర జనాన్ని నిలబెట్టి కాల్చారు. తుపాకీ గుళ్ళ గుర్తులు ఆ గోడ మీద నేటికీ ఉన్నాయి. ఆ గోడ దగ్గరే ఇప్పుడు ఆ తల్లులు పండ్లు పేర్చుకుని కూర్చుంటున్నారు.

యుద్ధం ముగిసిన తరువాత ప్రజలు తిరిగి వచ్చారు. శిథిలాలు తవ్వి పనికివచ్చే ఇటుకలు ఏరారు. విరిగిన చెక్కడాల ముక్కలు ఏరారు. యుద్ధ కాలంలో దాచిపెట్టిన ఇళ్ళ కొలతల పటాలు బయటికి తీశారు. పద్దెనిమిదవ శతాబ్దంలో బెల్లొట్టో అనే చిత్రకారుడు ఆ వీధులను గీసిన చిత్రాలను ముందు పెట్టుకున్నారు. ఏ గోడ ఎంత ఎత్తు, ఏ కిటికీ ఎక్కడ అని చూసి మళ్ళీ కట్టారు. 1953 నాటికి ఆ చౌరస్తా మళ్ళీ నిలబడింది. 1980లో ఐక్యరాజ్యసమితి విద్యా, సాంస్కృతిక సంస్థ దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. మన దగ్గర సాగర్ ఆనకట్ట కట్టేటప్పుడు నీట మునగబోయే నాగార్జునకొండ పురాతన కట్టడాలలో కొన్నింటిని రాయి రాయి విప్పి, కొండ మీదికి, అనుపు దగ్గరికి తెచ్చి మళ్ళీ పేర్చారు. ఆ ఆనకట్ట కూడా కూలీల చేతులు రాళ్ళు పేర్చి కట్టినదే. కాబట్టి ఈ పని మనకు కొత్త కాదు.

ఇప్పుడు నెహెమ్యా గ్రంథం చూడండి. యెరూషలేము ప్రాకారము కూలిపోయి, గుమ్మములు కాలిపోయి ఉన్నాయి. జనం తిరిగి కట్టడం మొదలుపెడితే సన్బల్లటు ఎగతాళి చేశాడు. కాలిపోయిన చెత్తకుప్పల్లోని రాళ్ళకు వీళ్ళు ప్రాణం పోస్తారా అన్నాడు. నాలుగవ అధ్యాయంలో ఉంది. కానీ వారు కట్టారు. యాజకులు కట్టారు, కంసాలులు కట్టారు, ఒకాయన తన కుమార్తెలతో కలిసి కట్టాడు. 52 దినములలో ప్రాకారము పూర్తయిందని ఆరవ అధ్యాయం చెబుతోంది. కొత్త రాళ్ళు కావాలని వారు కూర్చోలేదు. పడిపోయిన రాళ్ళనే ఏరి పేర్చారు.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. వార్సాలో ఇళ్ళు తిరిగి వచ్చాయి, మనుషులు రాలేదు. యుద్ధానికి ముందు ఆ పట్టణంలో మూడు లక్షలకు పైగా యూదులు ఉండేవారు. వారిలో దాదాపు అందరినీ చంపివేశారు. వారి వీధులు మునుపటిలా తిరిగి లేవలేదు. ఎంత అందమైన రంగులు వేసినా పోయిన ఒక బిడ్డను తిరిగి నిలబెట్టడం మనిషి వల్ల కాదు. మనిషి ఇటుకను పేర్చగలడు. మట్టిలో కలిసిన మనిషిని లేపగలవాడు ఒక్కడే. మూడవ దినమున సమాధిలో నుండి లేచినవాడు. మన నిరీక్షణ ఆయన మీదనే గాని రంగుల మీద కాదు.

ఇక మా అమ్మ సంగతి ముగిస్తాను. ఆమె చివరి రోజుల్లో నేను మంచం పక్కన కూర్చుని ఉన్నాను. అన్నేళ్ళూ నా గుండెల్లో మోస్తున్నది ఆ రోజు చెప్పుకున్నాను. “అమ్మా, ఆ రోజు అంగట్ల నేను చూసి గూడ నీ దగ్గరికి రాలేదే.”

ఆమె చిన్నగా నవ్వింది. “ఎరుకేరా. కొట్టం పక్కన నిలబడ్డది చూసిన. దోస్తులతోని పోయింది గూడ చూసిన.”

“మరి ఒక్క మాట గూడ అనకపోతివి?”

“కింద పడ్డ టమాటలు ఏరుకునుడే ఎక్కువైంది నాకు. నిన్ను గూడ కింద పడేస్తె ఎవలు ఏరాలెరా?”

ప్రియులారా, ఆ రోజు రాత్రి నాకు పెట్టిన వేడి అన్నం ఏమిటో అప్పుడు తెలిసింది. నేను పడిపోయిన సంగతి ఆమెకు తెలుసు. తెలిసే నన్ను తుడిచి, మళ్ళీ వరుసలో పెట్టింది. పేతురు ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకినప్పుడు కూడా ఇలాగే జరిగింది కదా! లూకా రాసినట్టు, ప్రభువు తిరిగి పేతురు వైపు చూశాడు. అంటే ఆయనకు తెలుసు. ఆ తరువాత తిబెరియ సముద్ర తీరమున ఏమి చేశాడు? నిప్పులు పేర్చి, చేపలు కాల్చి, రొట్టె పెట్టి, ముందు తినమని పిలిచాడు. తిన్న తరువాతనే మాట్లాడాడు. అప్పుడు కూడా గద్దించలేదు. గొఱ్ఱెలను మేపే పనిని తిరిగి అతని చేతిలో పెట్టాడు.

మన సంఘాల్లో దొర్లిపోయినవారు ఎవరున్నారో ఈరోజు ఆలోచించండి. తాగుడుకు బానిసై ఆదివారం రావడానికి సిగ్గుపడుతున్న సహోదరుడు ఉన్నాడా? కాపురం చెడి పుట్టింటికి వచ్చి, నలుగురు ఏమంటారోనని వెనక వరుసలో కూర్చుని ప్రార్థన ముగియకముందే వెళ్ళిపోతున్న చెల్లెలు ఉందా? పరీక్ష తప్పి ముఖం చూపలేకపోతున్న పిల్లవాడు ఉన్నాడా? అప్పులపాలై ఊరు విడిచిన కుటుంబం ఉందా? మనం కొట్టం పక్కన నిలబడి చూస్తున్నాము. “పాపం” అంటున్నాము. తరువాత “పోదాం పదండి” అని ముందుకు నడుస్తున్నాము. నేను అలా నడిచినవాడిని కాబట్టి చెబుతున్నాను. ఆ నడక చాలా ఏళ్ళు బరువుగా ఉంటుంది.

అందరినీ ఏరమని నేను అడగడం లేదు. ఈ వారంలో ఒక్కరిని ఏరండి. వారి ఇంటికి వెళ్ళండి. వెంటనే బోధ చేయవద్దు. దగ్గర కూర్చోండి. ఉన్నది కలిసి తినండి. ఆదివారం వారిని మీ పక్కన, మీ వరుసలో కూర్చోబెట్టుకోండి.

ఈ మాట వింటున్నవారిలో నేనే ఆ దొర్లిపోయిన పండును అనుకునేవారు ఉన్నారేమో! సహోదరీ, సహోదరుడా, చక్రం కింద పడి చితికిపోయాను, ఇక దేనికీ పనికిరాను అనుకోవద్దు. చితికినవాటితో కూడా ఆ రాత్రి మా ఇంట్లో విందు జరిగింది. ప్రభువు చేతిలో వ్యర్థమయ్యేది ఏదీ లేదు.

బైబిలు గ్రంథం ఒక తోటతో మొదలవుతుంది, ఒక పట్టణంతో ముగుస్తుంది. ప్రకటన గ్రంథం 21వ అధ్యాయంలో ఆ పట్టణపు ప్రాకారపు పునాదులు చూడండి. నీలము, పచ్చ, కెంపు, పుష్యరాగము, ఇలా పన్నెండు రకాల రాళ్ళు, పన్నెండు రంగులు, వరుసగా పేర్చి ఉన్నాయి. తరువాతి అధ్యాయంలో జీవవృక్షము ఉంది. అది పన్నెండు కాపులు కాస్తుంది, నెల నెలా ఫలిస్తుంది. రంగురంగుల పట్టణము, దాని వీధి మధ్యన పండ్లు! అక్కడ తైబజారు లేదు, దొంగ త్రాసు లేదు. తన్నేవాడు లేడు, సిగ్గుతో పక్కకు తప్పుకునేవాడూ లేడు. ఆ వీధిలో మా అమ్మను చూస్తానని నా నమ్మకం. ఈసారి ముఖం తిప్పుకోను.

ప్రార్థన చేసుకుందాం.

ప్రేమగల పరలోకపు తండ్రీ, నీ సన్నిధిలో మమ్మును వరుసగా నిలబెట్టుకున్నందుకు స్తోత్రములు. మా పైరూపము, మా అంతరంగము ఒకటిగా ఉండునట్లు సహాయము చేయుము. ఈ ఉదయమున గంపలు ఎత్తుకుని అంగళ్ళకు బయలుదేరిన ప్రతి తల్లినీ కాపాడుము. పడిపోయినవారిని ఏరే చేతులు మాకు దయచేయుము. పడిపోయి మాట్లాడలేక ఉన్నవారిని నీవే నీ చేతితో ఎత్తి తుడిచి నిలబెట్టుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుడు మిమ్మును, మీ కుటుంబములను దీవించును గాక.